మునగాల దగ్గర బైక్‌కి మా కారు తగిలింది, పదివేలు ఇచ్చి వచ్చేశాం. ఇప్పుడు ఏం చేయాలి?

పటమట వాసి | ఆదివారం, ఉదయం 9:10

అందరికీ నమస్కారం. రాత్రంతా నిద్ర లేదు. తెలిసినవాళ్ళు ఎవరైనా దారి చెప్తారని రాస్తున్నాను.

నిన్న సాయంత్రం హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తున్నాం. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ బాబు. మునగాల దాటాక, ఆరూ నలభై ప్రాంతంలో, డివైడర్ గ్యాప్‌లోంచి ఒక బైక్ అడ్డంగా వచ్చింది. బ్రేక్ మీద నిలబడ్డాను, అయినా కారు ఎడమ మూల బైక్ వెనక చక్రానికి తగిలింది. నడుపుతున్నాయనకి యాభై ఏళ్ళుంటాయి. కాలు బండి కింద పడిపోయింది. వెనక కూర్చున్న ఆయన భార్యకి మోచెయ్యి గీరుకుపోయింది. ఆమె ఒళ్ళో ఉన్న స్టీలు క్యారేజీ ఊడి, గిన్నెలు ఒక్కొక్కటీ రోడ్డు మీద దొర్లుకుంటూ పోయాయి. ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది.

108కి నేనే ఫోన్ చేశాను. బండి వచ్చేలోపు ఊరివాళ్ళు చేరారు. ఒకతను బానెట్ మీద గట్టిగా చరిచాడు, బాబు ఏడుపు అందుకున్నాడు. ఒక పెద్దాయన అడ్డం వచ్చి, "కేసంటే మీరూ తిరగాలి, వాళ్ళూ తిరగాలి. ఖర్చులకి పదివేలు ఇచ్చి వెళ్ళండి" అన్నాడు. వాళ్ళ బంధువుకి ఫోన్‌పే చేశాను. 108 వాళ్ళు ఇద్దర్నీ ఎక్కించుకుని వెళ్ళారు. పోలీసులకి ఎవరూ చెప్పలేదు. రేడియేటర్ పగిలింది కాబట్టి టోయింగ్ బండి మీద కారుని అర్ధరాత్రి ఇంటికి తెచ్చుకున్నాం.

ఇప్పుడు ఇన్సూరెన్స్ యాప్ తెరిస్తే "ఎవరికైనా గాయాలయ్యాయా? పోలీసులకు తెలియజేశారా?" అని అడుగుతోంది. ఏం రాయాలి? ఆయనకి ఎలా ఉందో కూడా తెలియదు. అలా వచ్చేయడం తప్పా?

---

పైలట్ పక్క సీటు | ఆదివారం, ఉదయం 9:24

అన్నా, నేను ఏడేళ్ళు 108లో ఈఎంటీగా, అంటే అంబులెన్సులో ప్రథమ చికిత్స చేసేవాడిగా, చేశాను. కాగితాల సంగతి లాయర్లు చెప్తారు. ముందు మీ ముగ్గురి ఒంటి సంగతి చెప్పండి. గుద్దుకున్న రోజు టెన్షన్‌లో నొప్పి తెలియదు, మర్నాడు బయటపడుతుంది. మెడ బిగుసుకుందా? సీటు బెల్టు పట్టిన చోట పొట్ట మీద కమిలిన చార ఉండి, లోపల నొప్పిగా ఉందా? బాబు వాంతి చేసుకున్నాడా, మామూలుకంటే మగతగా ఉన్నాడా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళండి. రోడ్డు ప్రమాదం అని డాక్టరుకి చెప్పి రాయించుకోండి.

---

పటమట వాసి | ఆదివారం, ఉదయం 9:31

మా ఆవిడకి పొద్దున్నుంచీ మెడ తిరగడం లేదు. పడుకున్న తీరు వల్లేమో అనుకుంది. బాబు బాగానే ఉన్నాడు.

---

పైలట్ పక్క సీటు | ఆదివారం, ఉదయం 9:33

పడుకున్న తీరు కాదన్నా. ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మెడకి మర్దనా మాత్రం వద్దు.

---

ట్రావెల్స్ బండి | ఆదివారం, ఉదయం 9:50

పద్దెనిమిదేళ్ళుగా అదే రోడ్డు మీద తిరుగుతున్నాను తమ్ముడూ. నువ్వు పారిపోలేదు, 108కి ఫోన్ చేశావు, డబ్బులిచ్చావు. పెద్దమనుషుల్లో మాట అయిపోయాక మళ్ళీ స్టేషన్‌కి వెళ్తే కేసు నీ మీదే అవుతుంది, కారు వాళ్ళ దగ్గర ఉండిపోతుంది. ఇన్సూరెన్స్‌లో గోడకి తగిలిందని రాసి బంపర్ మార్పించుకో. మా డ్రైవర్లం అందరం ఇలాగే చేస్తాం.

---

నల్గొండ వకీలు | ఆదివారం, ఉదయం 10:15

ట్రావెల్స్ అన్న మంచి కోరే చెప్పాడు. కానీ దయచేసి ఆ దారిలో వెళ్ళకండి. నేను పరిహారం తేల్చే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసులు చూస్తాను, బాధితుల తరఫునా, బండి యజమానుల తరఫునా.

మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం డ్రైవర్ చేయాల్సినవి మూడు. గాయపడినవాళ్ళకి వైద్యం అందేలా చూడాలి. అక్కడ పోలీసులు లేకపోతే దగ్గరి స్టేషన్‌లో వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు చెప్పాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. మొదటిది మీరు చేశారు. మీ ఫోన్‌లో 108 కాల్ రికార్డు ఉంటుంది, అది చెరిపేయకండి. రెండోదానికి ఈ సాయంత్రం ఆరూ నలభై దాకా టైముంది. ఇప్పుడు బస్సెక్కితే మూడు గంటలకల్లా అక్కడుంటారు.

ఆ పదివేలు సాయం కిందే లెక్క. దాంతో బాధ్యత తీరిపోదు. రోడ్డు మీద బంధువు తీసుకున్న డబ్బు వల్ల గాయపడినాయనకి పరిహారం అడిగే హక్కు పోదు. రేపు ఆ కాలికి ఆపరేషన్ అయితే వాళ్ళు తప్పకుండా కేసు పెడతారు, పెట్టాలి కూడా. అప్పుడు "ఆ కారాయన డబ్బు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు" అని మొదటి వాక్యం రాస్తారు. మీరే వెళ్ళి చెప్తే "ఆ డ్రైవరే వచ్చి సమాచారం ఇచ్చాడు" అని ఉంటుంది. రెంటికీ చాలా తేడా.

గోడకి తగిలిందని రాయడం అబద్ధపు క్లెయిమ్. అది బయటపడితే మీ బంపర్ డబ్బులతో ఆగదు.

---

మిర్యాలగూడ ఆడపిల్ల | ఆదివారం, ఉదయం 10:40

అన్నయ్యా, నేను అవతలి వైపు మనిషిని. మా నాన్నని కారు గుద్దింది. ఆ కారాయన మంచివాడే, ఆసుపత్రిలో పాతికవేలు కట్టాడు, రెండుసార్లు పళ్ళు తీసుకుని వచ్చి చూశాడు. కేసు వద్దని బతిమాలాడు, మా పెద్దనాన్న సరే అన్నాడు. నాన్నకి తుంటి ఎముక విరిగింది. మూడు నెలలు మంచం. హమాలీ పని మళ్ళీ చేయలేకపోయాడు.

ఆసుపత్రి కేస్ షీటులో "కింద పడ్డాడు" అని ఉంది. మేమే అలా చెప్పాం, ఆయన్ని ఇబ్బంది పెట్టకూడదని. తర్వాత లాయరు దగ్గరికి వెళ్తే ఆ ఒక్క మాట చూపించి తల పట్టుకున్నాడు. ఎఫ్‌ఐఆర్ లేదు, బండి నంబరు ఏ కాగితంలోనూ లేదు. ఆ కారుకి ఇన్సూరెన్స్ ఉంది. ఏటేటా ప్రీమియం కట్టేది ఇందుకే కదా? మాకు ఒక్క రూపాయి రాలేదు.

మీరు స్టేషన్‌కి వెళ్తే మీకొచ్చే తిప్పలు నాకు తెలియవు. వెళ్ళకపోతే ఆ క్యారేజీ పట్టుకున్నావిడకి ఏమవుతుందో తెలుసు. వెళ్ళండి.

---

ట్రావెల్స్ బండి | ఆదివారం, ఉదయం 10:52

అమ్మా, నేను ఈ వైపు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. తమ్ముడూ, వెళ్ళు. ఊరి దగ్గర దిగి నేరుగా స్టేషన్‌కి పో, స్పాట్ దగ్గరికి ఒంటరిగా వెళ్ళకు.

---

పటమట వాసి | ఆదివారం, ఉదయం 11:20

మిర్యాలగూడ చెల్లెమ్మా, మీ మాట చదివి మా ఆవిడ "నువ్వు బయల్దేరు, ఆసుపత్రికి మా తమ్ముడితో వెళ్తాను" అంది. పదకొండున్నర బస్సుకి వెళ్తున్నాను. వకీలు గారూ, స్టేషన్‌లో ఏం రాసివ్వాలి? కారు ఇక్కడే ఉంది కదా, పర్వాలేదా?

---

నల్గొండ వకీలు | ఆదివారం, ఉదయం 11:34

తెల్ల కాగితం మీద సొంత చేతిరాతతో, తెలుగులోనే రాయండి. మీ పేరు, చిరునామా, లైసెన్స్ నంబరు, కారు నంబరు, పాలసీ నంబరు. తేదీ, టైము, చోటు. బైక్ ఎటు నుంచి వచ్చింది, కారులో ఏ భాగం దేనికి తగిలింది, 108కి ఎన్ని గంటలకి ఫోన్ చేశారు, ఎంత డబ్బు ఎవరికి పంపారు. డబ్బు సంగతి దాచకండి, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ జతచేయండి.

స్పీడు ఎంతో చూడకపోతే అంకె వేయకండి. "ఆయన తాగి ఉన్నట్టున్నాడు", "తప్పంతా నాదే" లాంటి మాటలు రెండూ వద్దు. కంటికి కనబడింది మాత్రమే రాయండి. ఎవరి తప్పు ఎంత అనేది తర్వాత ట్రిబ్యునల్ తేలుస్తుంది. బైక్ అడ్డంగా వచ్చిందనుకోండి, అటు కొంత, ఇటు కొంత అని పంచవచ్చు కూడా. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద స్టేషన్ ముద్ర, టైముతో సంతకం వేయించుకోండి.

భారతీయ న్యాయ సంహితలో 281 (నిర్లక్ష్యంగా నడపడం), 125 (దానివల్ల గాయపరచడం) సెక్షన్ల కింద కేసు కట్టే అవకాశం ఉంది. ఇవి బెయిలబుల్. స్టేషన్‌లోనే పూచీకత్తు మీద పంపిస్తారు, కంగారు పడకండి. ఆధార్‌తో ఒక జామీనుదారు వస్తే మంచిది.

కారుని మాత్రం కడగకండి, బాగుచేయించకండి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ (రవాణా శాఖ అధికారి) చూసి రిపోర్టు ఇవ్వాలి. స్టేషన్‌కి తెమ్మంటే తేవాల్సిందే. కారు అక్కడ ఆపితే కోర్టులో పిటిషన్ వేసి విడిపించుకోవచ్చు.

---

డెంటింగ్ పెయింటింగ్ | ఆదివారం, మధ్యాహ్నం 12:05

వకీలు గారు చెప్పినదానికి వర్క్‌షాపు వైపు నుంచి ఒక మాట. నేను యాక్సిడెంట్ బండ్ల సెక్షన్‌లో అడ్వైజర్‌ని.

రేడియేటర్ పగిలింది అన్నారు. "ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం" అని ఎవరన్నా తాళం ఇవ్వకండి. నీళ్ళు లేకుండా ఇంజిన్ తిరిగితే దాని పైభాగం, అంటే హెడ్, వేడికి వంగిపోతుంది. అది గుద్దుకోవడం వల్ల కాదు, తర్వాత తిప్పడం వల్ల అని ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టం లెక్కకట్టే సర్వేయర్ తేల్చేస్తాడు, ఆ ఖర్చు మీ నెత్తిన పడుతుంది. టోయింగ్ రసీదు దాచండి, మామూలు ప్రైవేటు కారు పాలసీలో 1,500 దాకా ఇస్తారు.

ఇప్పుడున్న స్థితిలోనే ఫోటోలు తీయండి. నాలుగు మూలలూ, నంబర్ ప్లేటు కనిపించేలా, ఛాసిస్ నంబరు, మీటర్ రీడింగ్. బంపర్ మీద బైక్ రంగు అంటుకుని ఉంటే దగ్గరగా ఒకటి. దాన్ని తుడవకండి.

పాలసీ కాగితంలో జీరో డిప్ (పాతబడినందుకు విడిభాగాల ధరలో కోత వేయని కవర్) ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగ్‌కి సగమే ఇస్తారు. బంపరూ, హెడ్‌లైటూ ప్లాస్టిక్ కిందే పోతాయి. గాజుకి కోత లేదు. ఎలా ఉన్నా తప్పనిసరి కోత ఒకటి ఉంటుంది, 1500 సీసీ దాకా వెయ్యి, ఆ పైన రెండువేలు. ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయా?

---

పటమట వాసి | ఆదివారం, మధ్యాహ్నం 12:40

లేదండీ, తెరుచుకోలేదు. జీరో డిప్ ఉంది. బస్సులో ఉన్నాను, నందిగామ దాటాం. మా బావమరిది ఫోటోలు తీసి పంపాడు. ఎడమ మూల మీద ఎర్ర గీత ఉంది. ఆయన బండి ఎరుపే.

---

కొత్త లైసెన్స్ | ఆదివారం, మధ్యాహ్నం 1:15

నేను కారు నేర్చుకుని మూడు నెలలైంది. ఇదంతా చదువుతుంటే భయం వేస్తోంది. ఆ క్షణంలో, గుంపు మీదకి వస్తుంటే, అసలు మొదట ఏం చేయాలి?

---

పైలట్ పక్క సీటు | ఆదివారం, మధ్యాహ్నం 1:48

మొదట ఇంజిన్ ఆపు, హజార్డ్ లైట్లు వెయ్యి. కారులో ఉన్నవాళ్ళని రోడ్డు మీద నిలబెట్టకుండా రెయిలింగ్ అవతలికి పంపు. చీకట్లో ఆగిన బండిని వెనక వచ్చే లారీ గుద్దడం చాలాసార్లు చూశాను. మొదటి గుద్దుకి బతికినవాళ్ళు రెండోదానికి పోయారు. డిక్కీలో ఎర్ర త్రిభుజం ఉంటుంది, అది తీసుకెళ్ళి బాగా వెనక పెట్టు.

తర్వాత 108 గానీ 112 గానీ. జాతీయ రహదారి అయితే ఆ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి కూడా చెయ్యి, వాళ్ళ అంబులెన్సు, క్రేను వస్తాయి. ఎక్కడున్నావో చెప్పడానికి రోడ్డు పక్కన కిలోమీటరు రాయి చదివి చెప్పు. "మునగాల దాటాక" అంటే మేం రెండు వైపులా వెతుక్కోవాలి.

పడిపోయినవాళ్ళని చెయ్యీ కాలూ పట్టి ఎత్తి ఆటోలో వేయకండి. మెడో నడుమో దెబ్బతిని ఉంటే ఆ ఎత్తడంలోనే జీవితాంతం మంచాన పడతారు. మంటలు అంటుకునే ప్రమాదమో, ఇంకో బండి గుద్దే ప్రమాదమో ఉంటేనే కదపాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి అరచేత్తో నొక్కి పట్టు, చూద్దామని తీసి తీసి చూడకు. మన వాళ్ళు జాలితో నోట్లో నీళ్ళు పోస్తారు. వద్దు. మగతలో ఉన్నవాళ్ళకి ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆపరేషన్ కూడా ఆలస్యమవుతుంది.

---

ట్రావెల్స్ బండి | ఆదివారం, మధ్యాహ్నం 2:02

గుంపు సంగతి నేను చెప్తాను. కారు దిగగానే నేరుగా పడ్డవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి, బంపర్ వైపు చూడకూడదు. జనం చూసేది అదే. నిజంగా కొట్టేలా ఉంటే 112కి ఫోన్ చేసి, దగ్గరి స్టేషన్‌కో టోల్ ప్లాజాకో వెళ్ళి అక్కడ చెప్పు.

---

నల్గొండ వకీలు | ఆదివారం, మధ్యాహ్నం 2:20

అవును. గుంపు ఆగ్రహం వల్ల ఆగి వైద్యం చూడలేకపోవడాన్ని 134వ సెక్షనే గుర్తించింది. కానీ ఆ మినహాయింపు వైద్యం చూడటానికి మాత్రమే, పోలీసులకు చెప్పే బాధ్యత అలాగే ఉంటుంది.

దారిన పోయేవాళ్ళ గురించి కూడా రాస్తాను, ఎందుకంటే ఈ భయంతోనే చాలామంది ఆగరు. 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాలు, 2019 సవరణలో వచ్చిన 134ఏ సెక్షన్ రెండూ సాయం చేసినవాళ్ళకి రక్షణ ఇస్తాయి. ఆసుపత్రిలో చేర్చి పేరు చెప్పకుండా వెళ్ళిపోవచ్చు. ఆపడానికీ, డబ్బు కట్టమనడానికీ ఎవరికీ హక్కు లేదు.

---

పటమట వాసి | ఆదివారం, రాత్రి 8:45

ఇప్పుడే తిరుగు బస్సు ఎక్కాను.

మూడూ ఇరవైకి స్టేషన్‌లో ఉన్నాను. స్టేషన్ రైటర్ (రాతపని చూసే కానిస్టేబుల్) కాగితం చదివి, "మీరే వచ్చారా?" అని రెండుసార్లు అడిగారు. ఎస్సై గారు వచ్చాక కానిస్టేబుల్‌ని ఇచ్చి స్పాట్‌కి పంపారు. రోడ్డు మీద కూలెంట్ మరక పచ్చగా ఇంకా అలాగే ఉంది. బ్రేక్ గీతలు ఆయన టేపుతో కొలిచారు. డివైడర్ పక్కన గడ్డిలో క్యారేజీ మూత ఒకటి దొరికింది. అది తీసి సంచిలో పెట్టుకున్నాను. కాపీ మీద ముద్ర వేసి, టైము 4:10 అని రాసిచ్చారు. కారుని మంగళవారంలోగా తెమ్మన్నారు. వంద కిలోమీటర్ల పైనే మళ్ళీ టోయింగ్, ఏం చేస్తాం.

ఆయన కాలి పిక్క ముందు ఎముక విరిగిందట, రాడ్ వేయాలన్నారు. ఆసుపత్రికి వెళ్దామనుకున్నాను గానీ, ఇవ్వాళ వద్దు, వాళ్ళ బంధువులంతా అక్కడే ఉన్నారని ఎస్సై గారే ఆపారు. మా ఆవిడకి మెడ కండరాలు పట్టేశాయని పట్టీ వేశారు, ఎక్స్‌రేలో ఏమీ లేదు.

---

నల్గొండ వకీలు | ఆదివారం, రాత్రి 9:10

చాలా మంచి పని చేశారు. ఇక ఆయన ఇంటివాళ్ళకి అందాల్సిన మాట ఒకటుంది. మీరే చెప్పినా సరే, కానిస్టేబుల్ చేత చెప్పించినా సరే.

2025 మేలో కేంద్రం తెచ్చిన క్యాష్‌లెస్ పథకంలో, రోడ్డు ప్రమాద బాధితులకి గుర్తించిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల దాకా, లక్షన్నర వరకు వైద్యం ఉచితం. పోలీసు రికార్డులో ప్రమాదం నమోదైతేనే అది నడుస్తుంది. ఈ సాయంత్రం మీరు ఇచ్చిన కాగితం రాడ్ వేసే ఆపరేషన్‌కి అలా ఉపయోగపడుతుంది. ఆసుపత్రిలో ఆ పథకం ఉందా అని రేపు పొద్దున్నే అడగమనండి, ఏడు రోజుల్లో ఒకటి అయిపోయింది.

ఎముక విరిగితే చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. తప్పు ఎవరిదన్న వాదన లేకుండా మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద రెండున్నర లక్షలు అడగవచ్చు. సంపాదన పోయింది, ఇంకా ఎక్కువ రావాలి అనుకుంటే 166 కింద ట్రిబ్యునల్‌లో వేయాలి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు. సొంత ఊరి పరిధిలోని కోర్టులోనే వేసుకోవచ్చు, మునగాల వైపు తిరగక్కర్లేదు. ఇది ఇచ్చేది మీ ఇన్సూరెన్స్ కంపెనీ. దీనివల్ల మీ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోదు, అది మీ కారు రిపేరుకి క్లెయిమ్ చేస్తేనే పోతుంది.

---

మిర్యాలగూడ ఆడపిల్ల | ఆదివారం, రాత్రి 9:32

కేస్ షీటులో ఏం రాశారో చూడమనండి అన్నయ్యా. "రోడ్డు ప్రమాదం" అని, కారు నంబరుతో సహా ఉండాలి. మెడికో లీగల్ (పోలీసు కేసుతో ముడిపడ్డ వైద్యం) అని ముద్ర ఉండాలి. మందుల బిల్లులు, ఆటో ఖర్చులతో సహా ఒక కవర్లో వేసుకోమనండి.

---

డెంటింగ్ పెయింటింగ్ | ఆదివారం, రాత్రి 9:40

ఇన్సూరెన్స్ యాప్‌లో ఇప్పుడు ధైర్యంగా "గాయాలయ్యాయి, పోలీసులకు తెలిపాము" అని పెట్టి, ముద్ర ఉన్న కాపీ అప్‌లోడ్ చేయండి. ఈ రాత్రే.

---

పటమట వాసి | తర్వాతి శనివారం, సాయంత్రం 6:15

వారం అయింది. మీ అందరికీ చెప్పాలి కదా అని వచ్చాను.

ఎఫ్‌ఐఆర్ అయింది, నా మీదే. జామీను మీద పంపారు. మంగళవారం కారు తీసుకెళ్ళాం, గురువారం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి బ్రేకులు, స్టీరింగ్ చూసి రాసుకున్నారు. మా లాయరు పిటిషన్ వేశారు, వచ్చే వారం కారు వదులుతారని అంటున్నారు. సర్వేయర్ స్టేషన్ దగ్గరికే వచ్చి ఫోటోలు తీసుకున్నాడు.

నిన్న ఆసుపత్రికి వెళ్ళాను. ఆపరేషన్ అయింది, ఆ పథకం కిందే చేశారు. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. ఏం మాట్లాడాలో తెలియలేదు. సంచిలోంచి ఆ మూత తీసి ఆవిడకిచ్చాను. ఆవిడ దాన్ని తిప్పి చూసి, కొంగుతో తుడిచి, మంచం కింద ఉన్న క్యారేజీ మీద పెట్టింది. ఒక పక్క సొట్ట పడింది కదా, సరిగ్గా కూర్చోలేదు.

బయటికి వస్తుంటే ఆయన తమ్ముడు వెనకే వచ్చాడు. మొన్న బానెట్ మీద చరిచింది అతనే. "సార్, ఎఫ్‌ఐఆర్ కాపీ మాకిచ్చారు. మీ ఇన్సూరెన్స్ జిరాక్స్ కూడా కావాలంట, వకీలు అడుగుతున్నాడు" అన్నాడు. ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకి ఇద్దరం నడిచాం. పాలసీ, ఆర్సీ, లైసెన్స్ మూడూ రెండేసి కాపీలు తీయించి ఇచ్చాను. ఆరు రూపాయలు అతనే ఇచ్చాడు.